మా నాన్న పాత కలప అడితి

క్రిందటి వేసవిలో భోగాపురం దగ్గర ఒక కొబ్బరితోటలో కడుతున్న ఇంటిని చూసి రమ్మని తెలిసినవారు కబురు పెడితే వెళ్లాను. కట్టించుకుంటున్న దంపతులిద్దరూ చిన్నవారు, ఇద్దరూ ఆర్కిటెక్టులే. సిమెంటునూ కొత్త కలపనూ వీలైనంత తగ్గించి, పడగొట్టిన ఇళ్లనుంచి సేకరించిన దూలాలు, తలుపులు, పెంకులు, ఇటుకలతోనే ఇల్లు పూర్తి చేయాలన్నది వారి సంకల్పం. నేను వెళ్లేసరికి వడ్రంగి ఒక పాత దూలాన్ని బల్ల మీదికి ఎత్తి చిత్రిక పడుతున్నాడు. తరాల తరబడి వంటింటి పొగ పట్టి నల్లబడిన పైపొర కాసేపటికే లేచిపోయి, లోపలినుంచి పసుపుపచ్చని కలప బయటపడింది. దానితో పాటే నూనెజిడ్డు కలిసిన ఘాటైన టేకు వాసన షెడ్డంతా కమ్ముకుంది. నేను పుట్టి పెరిగిన చోట పొద్దున లేస్తే వచ్చే వాసన అది. ఆ దంపతులు ఏదో అడుగుతూనే ఉన్నారు గానీ, నా మనసు అప్పటికే విజయనగరంలోని మా నాన్న అడితికి వెళ్లిపోయింది.

* * *

గజపతినగరం వెళ్లే రోడ్డు పక్కన, ఊరు పలచబడి పొలాలు మొదలయ్యే చోట ఆ అడితి ఉండేది. మామూలు అడితులలో అడవినుంచి వచ్చిన దుంగలుంటాయి, కోత మిల్లు రొద ఉంటుంది. మా నాన్న దగ్గర ఒక్క కొత్త దుంగ కూడా ఉండేది కాదు. పాత ఇల్లు బేరమాడి కొని, మనుషులను పెట్టి విప్పించి, వచ్చిన సామానంతా ఎడ్లబళ్ల మీద తెప్పించి, బాగుచేయించి, ఇల్లు కట్టుకునేవారికి అమ్మడమే ఆయన వ్యాపారం. తలుపులు పొడవాటి పాక గోడకు ఏటవాలుగా ఆనించి ఉండేవి. దూలాలను నేల తగలకుండా రాతి దిమ్మెల మీద పరిచి, గాలి ఆడేందుకు వరసకూ వరసకూ మధ్య బద్దలు పెట్టి పేర్చేవారు. నాటు పెంకులు ఒక పక్కన, మంగళూరు పెంకులు మరో పక్కన, ఆ మంగళూరు పెంకులలో కూడా ఏ కంపెనీవి ఆ కంపెనీవి వేరువేరు వరసలుగా నిలబెట్టి ఉండేవి. కిటికీ ఊచలు, మడతబందులు, గొళ్లేలు, ఇత్తడి గుబ్బలు కిరసనాయిలు పోసిన డబ్బాలలో నానుతుండేవి.

తెల్లవారుతూనే మొదట వినిపించేది మేకుల చప్పుడు. పాత కలపలోంచి ఊడబెరికిన వంకర మేకులను ఒక రైలు పట్టా ముక్క మీద పెట్టి, చిన్న సుత్తితో తిప్పి తిప్పి కొట్టి సాపు చేసేవారు. ఆ పని ఒక ముసలాయనది. కళ్లు సరిగా కనిపించకపోయినా ఆయన వేళ్లతో తడిమి వంకర ఎక్కడుందో చెప్పేవాడు. పొడవును బట్టి మేకులు వేరువేరు డబ్బాలలో పడుతున్నప్పుడు ఒక్కొక్క డబ్బా ఒక్కొక్క రకంగా మోగేది, ఇంట్లో పడుకునే నేను ఈ రోజు ఏ సైజు మేకులు సాగుతున్నాయో చెప్పగలిగేదాన్ని. నేను అటు పరిగెత్తినప్పుడల్లా మా అమ్మ వెనకనుంచి కేకేసేది: "చెప్పులేసుకుని ఎల్లవే! తుప్పు మేకు దిగితే ఏటి చేస్తావు?"

అడితికి వచ్చే రైతులు ఇల్లు కట్టుకునే పద్ధతి ఇప్పుడు తలచుకుంటే నాకు ఎంతో ముచ్చటగా ఉంటుంది. వారి చేతిలో నక్షా ఉండేది కాదు. ముందుగా అడితికి వచ్చి, ఏ ద్వారబంధం నచ్చిందో, ఏ పొడవు దూలాలు దొరుకుతున్నాయో చూసుకుని, పురికొస తాడుతో కొలతలు తీసుకుని ముడులు వేసుకుని వెళ్లేవారు. దూలం ఎంత పొడవుంటే గది అంత వెడల్పు. ద్వారబంధం ఎంత ఎత్తుంటే గోడలో అంత సందు. నేను పాలిటెక్నిక్‌లో చదువుకున్న రోజుల్లో గానీ, తరవాత విశాఖపట్నంలో కట్టడాల కంపెనీలలో పనిచేసిన రోజుల్లో గానీ ఇందుకు పూర్తిగా తలకిందులైన పద్ధతే నేర్చుకున్నాను. మొదట కాగితం మీద గీత, ఆ తరవాత ఆ గీతకు సరిపోయే సామాను కొనుగోలు. పాత సామానుతో పని మొదలుపెట్టిన ఇప్పటి ఆర్కిటెక్టులకు మొదటి నెలలో ఎదురయ్యే చిక్కు కూడా ఇక్కడే ఉంటుంది. గీసిన కొలతకు తలుపు దొరకదు. దొరికిన తలుపుకు గీత మార్చుకోవాలన్న ఓపిక వచ్చాకనే పని సాగుతుంది.

నాకు రాయడం వచ్చిన దగ్గరనుంచి అడితి పుస్తకం నా చేతికి వచ్చింది. ఏ సామాను ఏ ఊరినుంచి, ఎవరి ఇంటినుంచి వచ్చిందో, ఆ ఇంట్లో అది ఎక్కడ ఉండేదో, ఇల్లు ఎందుకు విప్పారో అందులో రాయించేవారు నాన్న. అన్నదమ్ములు పంచుకున్నారనో, పిల్లలు బస్తీకి వెళ్లిపోయారనో, గోదావరి వైపు భూములు కొనుక్కుని తరలిపోయారనో రాసేదాన్ని. కొనేవారు తప్పకుండా అడిగేవారు. అకాలమరణం జరిగిన ఇంటి తలుపును చాలామంది ముట్టుకునేవారు కారు. నిప్పంటుకున్న ఇంటి కలపను అసలు తీసుకునేవారు కారు. నాన్న ఏనాడూ దాచి అమ్మలేదు. అమ్ముడుపోని తలుపు ఏళ్ల తరబడి అలా పడి ఉన్నా, పుస్తకంలో రాసింది రాసినట్టే చదివి వినిపించమనేవారు. ఏ భవనంలో ఏ వస్తువు ఎక్కడిది, ఎప్పటిది, ఎలా విడదీయాలి అన్న వివరాలను భవనంతో పాటే భద్రపరచాలని, దానికి మెటీరియల్ పాస్‌పోర్ట్ అని పేరు పెట్టి యూరపులో ఇప్పుడు చేస్తున్న ప్రయత్నం గురించి చదివినప్పుడు, అట్ట చినిగి, సిరా మరకలు పడిన ఆ పొడుగు పుస్తకం నా కళ్లలో మెదిలింది.

* * *

ఇల్లు విప్పే పనికి పెద్ద ఒక ముసలి వడ్రంగి. మేమంతా ఆయనను తాత అనేవాళ్లం. వేసవి సెలవుల్లో బొబ్బిలి వైపో, చీపురుపల్లి వైపో ఇల్లు విప్పుతుంటే నాన్న నన్ను కూడా తీసుకువెళ్లేవారు. మొదటి రోజు ఎవరూ పనిముట్టు పట్టేవారు కారు. తాత చేతులు వెనక్కి కట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. అటక ఎక్కేవాడు, దూలాల కింద నిలబడి పైకి చూసేవాడు, బాడిస వెనక భాగంతో స్తంభాలను తట్టి చెవి పెట్టి వినేవాడు. కుర్రవాళ్లు తొందరపడితే, "ముందు దీన్ని ఎలగ కట్టినారో సూడాలరా. ఆకర్ని ఏది ఎట్టినారో అదే ముందు తియ్యాల" అనేవాడు. ఆ తరవాత జేగురు కలిపిన నీళ్లతో దూలానికీ వాసానికీ గుర్తులు పెట్టేవాడు. తూర్పు వైపు వాటికి ఒక గీత, పడమటి వైపు వాటికి రెండు గీతలు.

పెంకులతో పని మొదలయ్యేది. కొప్పు మీద సున్నంలో కూర్చిన పెంకులను ఉలితో నెమ్మదిగా కదిలించి తీశాక, మిగిలినవి చేతులతోనే వచ్చేసేవి. ఇద్దరు పైన, నిచ్చెన మీద ఇద్దరు, కింద ఆడవాళ్ల వరస. ఒక చేతినుంచి మరో చేతికి పెంకులు జారుతూ వస్తుంటే ఎవరో ఒకామె పాట ఎత్తుకునేది, పెంకు అందే వేగాన్ని ఆ పాటే నడిపించేది. పెంకుల తరవాత బద్దలు, వాసాలు, వెన్ను దూలం, చివరికి పెద్ద దూలాలు. పాత ఇళ్ల కలపకట్టులో ఇనుము చాలా తక్కువ. ఒక కర్ర కొసను సన్నగా చెక్కి, ఇంకో కర్రలో తొలిచిన బెజ్జంలోకి దించి, అడ్డంగా చెక్క చీల కొట్టేవారు. ఆ చీలను వెనకనుంచి కొయ్య సుత్తితో తడితే ఊడి వచ్చేది. తాత ఉన్నంత కాలం దూలాన్ని రంపంతో కోయడం నేను చూడలేదు. ద్వారబంధాలు మాత్రం చిట్టచివర. పైనున్న గోడ బరువంతా దిగేదాకా వాటి మీద చెయ్యి వేయనిచ్చేవాడు కాడు.

గోడ దగ్గరికి వచ్చేసరికి పని ఆడవాళ్ల చేతుల్లోకి వెళ్లేది. సున్నపు గారతో కట్టిన ఇటుకను పలుగు మొనతో కొంచెం లేపితే చాలు, చెక్కుచెదరకుండా వచ్చేది. దానికి అంటుకున్న గారను మొద్దుబారిన కత్తితో గీకి, రెండు ఇటుకలను ఒకదానితో ఒకటి తట్టి చూసేవారు. కంగుమంటే మంచిది, బొదబొదమంటే పక్కకు. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పు పట్టి పొరలు పొరలుగా రాలుతున్న ఇటుకలను నాన్న కూలి డబ్బులు పోయినా సరే తీసుకునేవారు కారు. ఆ ఉప్పు కొత్త గోడకు వెళ్లినా, చెమ్మ తగిలిన ప్రతిసారీ పైకి వస్తూనే ఉంటుంది. సాయంత్రానికి ఆ ఆడవాళ్ల కనుబొమలు, జుట్టు, చీర కుచ్చిళ్లు తెల్లగా అయిపోయేవి. నీళ్లతోనే నోరు కడుక్కుని ఇళ్లకు వెళ్లేవారు. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలని వారికి ఎవరూ చెప్పలేదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేసే హాని సంగతి తెలిశాక, వారి దగ్గుల చప్పుడు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అక్కడ మిగిలేది ఏమీ ఉండేది కాదు. సగం ఇటుకలు పునాదుల్లోకి పోయేవి. పొడైన ఇటుకను మెత్తగా దంచి సుర్ఖీగా సున్నంలో కలిపేవారు, బాగా కాలిన ఇటుక పొడి కలిస్తే ఆ సున్నం తడిలో కూడా గట్టిపడుతుంది. చిరిగిన బద్దలు పొయ్యిలోకి. మట్టిగోడలు ఉంటే ఆ మట్టి కోసం రైతులు ముందే మాట చెప్పుకుని ఉండేవారు. మనుషులు, పశువులు తరాలుగా మసలిన చోటి పాటిమన్ను పొలానికి మంచి ఎరువని బళ్ల మీద తోలుకుపోయేవారు. చివరి బండి వెళ్లాక ఆ స్థలంలో చదునైన నేల, బావి, ఒక తులసికోట మాత్రమే ఉండేవి.

* * *

చంపావతి ఒడ్డున ఒక ఊళ్లో విప్పిన ఇల్లు నాకు బాగా గుర్తుంది. కొడుకులు రాయపూర్ వైపు ఉద్యోగాలకు వెళ్లిపోగా, ఒంటరిగా మిగిలిన మామ్మగారు ఇల్లు అమ్మి ఆఖరి కొడుకు దగ్గరికి వెళుతున్నారు. పని మొదలుపెట్టే రోజు తెల్లవారుజామునే ఆమె తలస్నానం చేసి, వీధి గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బెల్లం ముక్క నైవేద్యం పెట్టారు. ఆ పసుపు ఆరేదాకా పనివారందరూ చెట్టు కింద కూర్చున్నారు. అప్పుడామె నాన్నను దగ్గరికి పిలిచి, "బావూ, ఈ గడపను పొయ్యిలో ఎట్టనీకు. ఎవరైనా కొత్త పెళ్లికూతురు కాలెట్టే ఇంటికి ఇయ్యి" అన్నారు. నాన్న అలాగే అన్నారు.

ఆ ద్వారబంధం మద్ది కర్రది. పై కమ్మికి చెక్కిన పద్మం, చిలకలు అరిగి ఉన్నా ఎంతో అందంగా ఉండేవి. చాలామంది అడిగారు. లాడ్జీకి కావాలని ఒకరు మంచి ధర చెప్పారు. నాన్న ఇవ్వలేదు. ఏళ్లు గడిచాక, రాజాం దగ్గర ఒక రైతు కొడుకు పెళ్లికి ముందు ఇల్లు కట్టిస్తూ ద్వారబంధం కోసం వచ్చినప్పుడు, పుస్తకం తెప్పించి ఆ పేజీ నాచేత చదివించారు. ఆ రైతు విని, కొంచెం సేపు ఊరుకుని, ఆ మామ్మగారి ఊరూ పేరూ మళ్లీ ఒకసారి అడిగి రాసుకున్నాడు. గృహప్రవేశానికి ఆమెను పిలవాలని ప్రయత్నించాడు గానీ, అప్పటికి ఆమె లేరు.

* * *

అడితిలో అన్నిటికన్నా గిరాకీ ఉన్నది బర్మా టేకు. మా ఉత్తరాంధ్ర తీరంలోని ఊళ్లలో ఒకప్పుడు రంగం (రంగూన్) వెళ్లని కుటుంబం అరుదు. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో స్టీమరెక్కి రంగూన్‌లో బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కష్టపడినవారు తిరిగివచ్చి కట్టుకున్న ఇళ్లలో ఆ దేశపు టేకు కనిపించేది. 1942లో జపాను సైన్యం రంగూన్‌ను పట్టుకున్నాక కట్టుబట్టలతో కొండలు, అడవులు దాటి నడిచి వచ్చినవారి కథలను పెంకులు దించుతున్న మధ్యాహ్నాల్లో అరుగుల మీద కూర్చుని ముసలివాళ్లు చెప్పేవారు. రంగంలో సంపాదించినదంతా పోయి, ముందుగా పంపిన డబ్బుతో కట్టిన ఇల్లు ఒక్కటే మిగిలిన కుటుంబాలు ఎన్నో. అలాంటి ఇల్లు విప్పేటప్పుడు నాన్న బేరం ఎక్కువగా ఆడేవారు కారు.

ఆ టేకు అడవిలో నెమ్మదిగా పెరిగిన పెద్ద మానులది. దానిలో సహజంగా ఉండే నూనె వల్ల చెదలు పట్టదు, నీటికి త్వరగా చివకదు. తోటల్లో తొందరగా పెంచిన ఇప్పటి టేకులో చేవ తక్కువ, పైనుండే తెల్ల భాగం ఎక్కువ. అందుకే వందేళ్ల నాటి దూలం ఇప్పటికీ కొత్త కలపను మించిన పని చేస్తుంది. పనస కూడా అంతే. ఉద్దానం పనస కలపతో చేసిన తలుపులు మా అడితికి వస్తే, నాన్న వాటిని అమ్మకానికి పెట్టకముందే వాటి చుట్టూ మనుషులు చేరేవారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేది కూడా పనస కర్రతోనే. 2018లో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లను కూకటివేళ్లతో పెకలించినప్పుడు, పడిపోయిన ఆ పనస మానులను కట్టెల కింద అమ్ముకున్నవారిని చూసి నా గుండె చెరువైపోయింది. నాన్నే ఉండి ఉంటే ఆ వారమే లారీ మాట్లాడి ఉండేవారు.

* * *

నేను ఉద్యోగంలో చేరాక చూసినవాటిలో మడ్డువలస ప్రాజెక్టు కింద ఊళ్లు ఖాళీ అయిన రోజులు మరచిపోలేనివి. సువర్ణముఖి నీరు నిలవబోయే చోటినుంచి జనం తమ ఇళ్లను తామే విప్పుకుని కొత్త కాలనీలకు తరలించుకుంటున్నారు. ఇల్లు పోయినా ఇంటి సామాను పోకూడదని వారి తాపత్రయం. నాటుబళ్ల మీద ద్వారబంధాలు, వాటి మీద పెంకులు, ఆ పైన కోళ్ల గంపలు. కొందరు దూలాలు అమ్మజూపితే, నాన్న కొనకుండా, విప్పడం తెలిసిన తన మనుషులను ఇద్దరిని అక్కడికి పంపారు. అప్పటికి తాత బాగా ముసలివాడైనా వెళ్లాడు. దాదాపు నెల రోజులు అక్కడే ఉండి, కుర్రవాళ్లకు ఏ చీల ముందు తట్టాలో చూపించాడు. ఆ కాలనీలో పాత దూలాల మీద నిలబడిన ఇళ్లు ఆ తరవాత కొన్నేళ్ల పాటు నాకు కనిపిస్తుండేవి.

ఆ రోజుల్లోనే మా వ్యాపారం తగ్గడం మొదలైంది. అందుకు కారణం కొత్తదంటే మోజు ఒక్కటే కాదు, విప్పడానికి వీలైన ఇళ్లు తరిగిపోయాయి. సున్నపు గార ఇటుక కన్నా మెత్తన, కాబట్టి విడదీస్తే గారే విరుగుతుంది, ఇటుక మిగులుతుంది. సిమెంటు గార మన నాటు ఇటుక కన్నా గట్టిది, విడదీయబోతే ఇటుకే ముక్కలవుతుంది. సిమెంటు ఇల్లు జేసీబీకి ఒక పూట పని. ఇనుప చువ్వలను విరగ్గొట్టి తీసుకుని, మిగిలిన శిథిలాన్ని ఏ చెరువు గర్భంలోనో, ఏ రోడ్డు పక్క గోతిలోనో రాత్రిపూట దించి వెళ్లిపోతారు. సున్నపురాయిని కాల్చి సున్నం చేయడానికి సుమారు 900 డిగ్రీల వేడి సరిపోతే, సిమెంటుకు 1450 డిగ్రీల దాకా కావాలి. పైగా సున్నం గోడలో గట్టిపడుతూ, రాయి కాలినప్పుడు విడిచిన కార్బన్ డయాక్సైడును గాలినుంచి మళ్లీ చాలావరకు పీల్చుకుంటుంది. ప్రపంచం విడిచే కార్బన్ డయాక్సైడులో 7, 8 శాతం సిమెంటు తయారీదే. ఈ లెక్కలేవీ తెలియని కాలంలో మా ఊళ్లో ఎడ్లు గానుగ చుట్టూ తిరుగుతూ, బెల్లపు నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసిన సున్నాన్ని రోజంతా నూరేవి. రాతి చక్రం గానుగ గాడిలో దొర్లే ఆ గరగర శబ్దం ఆగిపోయిన సంగతిని నేను చాలా ఆలస్యంగా గమనించాను. ఇప్పుడా చక్రం ఒక హోటల్ ముందు అలంకారంగా నిలబెట్టి ఉంది.

విశాఖలో నేను పనిచేసిన ఒక కంపెనీలో పాత సామాను మాట ఎత్తితే ఒప్పుకునేవారు కారు. అప్పుడు నాకు ధైర్యం ఇచ్చింది ఆర్కిటెక్టు లారీ బేకర్ పని. 1917లో ఇంగ్లండులో పుట్టి, 1945లో మన దేశానికి వచ్చి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూసేదాకా ఇళ్లు కడుతూనే ఉన్న ఆ మహానుభావుడు పడగొట్టిన ఇళ్ల తలుపులు, కిటికీలను వెతికి తెచ్చి వాడేవాడు. ఆయన ప్రచారం చేసిన పద్ధతుల్లో ఒకటి పాత మంగళూరు పెంకులను శ్లాబులో పొదగడం. శ్లాబు అడుగు భాగంలోని కాంక్రీటు బరువు మోయడానికి ఎక్కువగా పనికిరాదు, అక్కడి లాగుడును ఇనుమే భరిస్తుంది. కాబట్టి చువ్వల మధ్య గళ్లలో పాత పెంకులు పెట్టి పైన కాంక్రీటు పోస్తే, కాంక్రీటు తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, గది చల్లగా ఉంటుంది. అంచు విరిగి కప్పుకు పనికిరాని పెంకు కూడా అందులో ఒదుగుతుంది. ఇటుకను పక్కకు నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే ఎలుకబోను కట్టుడుతో పావు వంతు ఇటుకలు మిగులుతాయి. నాన్నకు ఈ శ్లాబు బొమ్మ గీసి చూపిస్తే, ఆయన చాలాసేపు చూసి, విరిగిన పెంకుల గుట్టను ఇక అమ్మకుండా దాచమన్నారు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నాన్న మంచంలో ఉన్నారు. అడితిలో కలప దాదాపు ఖాళీ అయిపోయినా పెంకుల వరసలు మాత్రం అలాగే నిలిచి ఉన్నాయి. గాలికి కప్పులు లేచిపోయినవారు పెంకుల కోసం ఊరూరా తిరుగుతున్నారు. పెంకుల కంపెనీలు చాలావరకు మూతపడ్డాయి. ఒక కంపెనీ పెంకు గాడి మరో కంపెనీ పెంకులో సరిగా కూర్చోదు, వెంట్రుకవాసి తేడా ఉన్నా వాన నీరు దిగుతుంది. అందుకే నాన్న మంచం మీదనుంచే, "విరిగిందైనా సరే, మీ ఇంటి పెంకు ఒకటి పట్టుకు రండి" అని వచ్చినవారికి చెప్పించేవారు. పెంకు వీపు మీద ఉబ్బెత్తుగా ఉన్న కంపెనీ గుర్తును వేలితో తడిమి ఏ వరసలోంచి ఇవ్వాలో చెప్పేవారు. చదరపు మీటరు కప్పుకు సుమారు 15 పెంకులు పడతాయి. ఎవరికి ఎన్ని కావాలో నేను లెక్క కట్టి ఇచ్చాను. దీపావళి నాటికి ఆ వరసలన్నీ ఖాళీ అయ్యాయి. నాన్న ఆ తరవాత ఎక్కువ కాలం లేరు.

* * *

ఇప్పుడు పాత సామానుకు మళ్లీ గౌరవం వస్తోంది. హరిత భవనాలకు రేటింగులు ఇచ్చే సంస్థలు పాత సామాను వాడకాన్ని లెక్కలోకి తీసుకుంటున్నాయి. 2016లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిబంధనలు, పెద్ద ఎత్తున కూల్చేవారు కాంక్రీటు, మట్టి, ఇనుము–కలప–ప్లాస్టిక్, ఇటుక–గార అని నాలుగు భాగాలుగా వేరు చేయాలని చెప్పాయి. ఇదంతా నాకు సంతోషమే. కానీ కూల్చేశాక వేరు చేయడానికీ, విప్పుతూనే వేరు చేయడానికీ ఉన్న దూరం చాలా ఎక్కువ. దుకాణాల్లో వేల రూపాయలు పోసి పాత తలుపు కొని గోడకు తగిలించుకుంటున్నారు. ఆ తలుపును గోడనుంచి పగలకుండా తీసిన చేతులకు మాత్రం రోజు కూలి కూడా సరిగా దక్కడం లేదు, ఆ పని నేర్చుకోవడానికి ఎవరూ రావడం లేదు. నా బాధంతా ఇక్కడే.

భోగాపురం దంపతులతో ఆ రోజు సాయంత్రం దాకా మాట్లాడాను. పాత సామానంతా మంచిదే అనుకోవద్దని కూడా గట్టిగా చెప్పాను. 2004లో నౌపడ–గుణుపురం చిన్న రైలు లైను మూతపడ్డాక ఆ వైపు చాలామంది పట్టాల కింది స్లీపరు చెక్కలు కొనుక్కున్నారు. తారు నూనె పట్టించిన స్లీపరును పడకగదిలోకి తేకూడదు. పాత తలుపుల రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి, దానిని పొడిగా గీకకుండా తడిపి తీయాలి. ఆస్‌బెస్టాస్ రేకులను మళ్లీ వాడకూడదు, పగలగొట్టకూడదు, పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. తుప్పు తిన్న పాత ఇనుప దూలం మీద ఇంజనీరు చూడకుండా బరువు పెట్టకూడదు. వారు అన్నీ రాసుకున్నారు. ఆ అమ్మాయి చివరికి, "ఆంటీ, ఇంత వివరంగా విప్పే మనుషులు ఎక్కడ దొరుకుతారు?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ తిరగగా, నరసన్నపేట దగ్గర ఒక పల్లెలో రంగం డబ్బుతో కట్టిన పాత పెంకుటిల్లు అమ్మకానికి ఉందని తెలిసింది. యజమాని జేసీబీకి బయానా కూడా ఇచ్చేశాడు. బతిమాలి, ఆ బయానా డబ్బులు మేమే కట్టి, ఈ తొలకరి దాకా గడువు తీసుకున్నాను. తాత దగ్గర పని నేర్చుకున్నవారిలో మిగిలిన ఒకాయన రాజాంలో ఉన్నాడు. మోకాళ్లు నొప్పులని కప్పు ఎక్కడు గానీ, కింద కుర్చీ వేస్తే కూర్చుని చెబుతానన్నాడు. ఐటీఐలో వడ్రంగం చదివిన కుర్రవాళ్లు నలుగురు, ఆ ఆర్కిటెక్టు దంపతులు వస్తామన్నారు. ఈ సారి అందరికీ ముక్కుకు మాస్కులు, చేతులకు తొడుగులు ముందే కొని పెట్టాను. జేగురు నేనే తెస్తాను. పుస్తకం రాసే పని ఆ అమ్మాయికి అప్పగించాను. మొదటి పేజీలో ఇంటివారి పేరు, ఇల్లు ఎందుకు విప్పుతున్నారో రాయమని చెప్పాను. ఇటుకలు శుభ్రం చేయడానికి ఆ ఊళ్లోనే ఇద్దరు ఆడవాళ్లు ఒప్పుకున్నారు. రోజు కూలి కాకుండా, నిలిచిన ఇటుకకు ఇంతని ఇమ్మంటున్నారు. అదే న్యాయమని నాకూ అనిపిస్తోంది గానీ, ఎంతన్నది ఇంకా తేలాలి.